లారీకి అలిగిన అల్లుణ్ణి నేనే

పుస్తకాలు చదివి బాగుపడ్డవాళ్ల గురించి మీరు చాలా విని ఉంటారు. మీరు అడక్కపోయినా వాళ్లే చెబుతారు. నాది ఆ జాతి కథ కాదు. రెండంటే రెండే పుస్తకాలు పట్టుకుని, వాటిలో రాసినట్టు తు.చ. తప్పకుండా నడుచుకుని, మామగారి లారీకీ, అత్తగారి పండగకీ, నా కొత్త కాపురానికీ ఒక్క పూటలో ఎసరు పెట్టినవాడి కథ. ఎసట్లో బియ్యం పడేలోపు ఏం జరిగిందో చెబుతాను, వినండి.

అప్పట్లో విజయనగరంలో మా కాపురం, గరివిడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో నా ఉద్యోగం. రోజూ ప్యాసింజరులో వెళ్లి రావడమే. పెట్టెలో మిగతావాళ్లు పేకాడేవారు, కునికేవారు, ఫోనులో ఎవరినో తిట్టేవారు. నేను చదివేవాణ్ణి. కథలూ నవలలూ కాదండోయ్! మనిషి ఎలా నిద్రపోవాలి, ఎలా లేవాలి, ఎలా నడవాలి, పదిమందిలో ఎలా నెగ్గాలి, ఇలాంటి లోకోపకార గ్రంథాలు. తెల్లవారుజామున లేస్తే జీవితం మారిపోతుందని ఒకాయన రాశాడు. లేచాను. లేచాక ఏం చెయ్యాలో తర్వాతి అధ్యాయంలో ఉంది. అది చదువుతూ మళ్లీ నిద్రపోయాను. చన్నీళ్ల స్నానం నరాలను ఉక్కులా చేస్తుందని ఇంకొకాయన రాశాడు. పుష్యమాసంలో చేసి చూశాను. నరాల సంగతి తెలియదు గానీ ముక్కు మాత్రం సంక్రాంతి దాటి శివరాత్రి దాకా కారింది.

అయినా ఆ పుస్తకాలంటే నాకెందుకంత మోజు అని మీరు అడగొచ్చు. నవలలో హీరో వేరే ఎవడో ఉంటాడు. వీటిలో హీరో ‘మీరు’. ‘మీరు సాధించగలరు’, ‘మీలో అపారమైన శక్తి దాగి ఉంది’ అంటూ పేజీపేజీకీ మర్యాదే. అప్పటిదాకా నన్ను ఆఫీసులో ‘ఒరే’ అనేవారు, ఇంట్లో ‘ఏరా’ అనేవారు. ‘మీరు’ అని మొదట పిలిచినవి ఆ పుస్తకాలు, తర్వాత పిలిచింది గౌరి.

గౌరి నా భార్య. సాలూరు పిల్ల. వాళ్ల నాన్న అప్పలనాయుడు గారు లారీ డ్రైవరుగా మొదలై సొంత లారీలు కొనుక్కున్న మనిషి. పెళ్లిచూపుల్లో మమ్మల్నిద్దరినీ పెరటి వైపు మాట్లాడుకోమని వదిలితే, నేను గుండె నిండా గాలి పీల్చుకుని, “మీ నాన్నగారిని నేను గుండుసూది కూడా అడగను. ఇప్పుడే కాదు, ఎప్పటికీ అడగను” అన్నాను. ఇది మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు, నా సొంత మాటే. ఆ మాటకే తను నన్ను ఒప్పుకుందని పెళ్లయ్యాక చెప్పింది. నేను మురిసిపోయి ఆ రోజు రెండు అరటిపళ్లు ఎక్కువ తిన్నాను.

పెళ్లయిన కొన్ని నెలలకి సాలూరులో వాళ్ల వీధి అమ్మవారి పండగ వచ్చింది. కొత్త అల్లుడు రాకపోతే పండగే కాదని కబురు మీద కబురు. సరే అని బట్టలు సర్దాను. బట్టల మధ్యలో రెండు పుస్తకాలు కూడా సర్దాను. నా శని ఆ సంచీలోనే ప్రయాణం చేసింది.

మొదటిది ఉపవాసం గురించి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకానే తినాలి, మిగతా వేళల్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఒక్క రోజు తప్పినా ఒళ్లు మళ్లీ మొదటికొస్తుందట. ఊరికి బయల్దేరిన రోజే మొదలుపెట్టాను. పైగా, ‘మీ సంకల్పాన్ని ఎవరికీ చెప్పకండి, చెబితే దాని బలం ఆవిరైపోతుంది’ అని నల్లటి గీతల మధ్య పెద్ద అక్షరాలతో అచ్చేశారు. రెండోది మౌనం గురించి. తక్కువ మాట్లాడేవాడికే లోకం విలువిస్తుంది, ఎవరేమడిగినా చిన్నగా నవ్వి ఊరుకోండి, కారణాలు చెప్పకండి, చూపు ఒక్కచోటే నిలపండి, అటూ ఇటూ తిరిగే చూపు బలహీనుడి గుర్తు. రెండూ విడివిడిగా మంచి పుస్తకాలే. బెల్లం మంచిదే, చేపల పులుసూ మంచిదే. కలిపినవాడిది కదా తప్పు!

గజపతినగరంలో బస్సు టైరు పంక్చరై మేము సాలూరు చేరేసరికి ఎనిమిది దాటింది. అంటే నా నోటికి తాళం పడిపోయింది. అత్తగారు ఇత్తడి చెంబుతో నీళ్లందిస్తూ, “కాళ్లు కడుక్కోండి బాబూ, కంచాలు పెట్టేసినాను. నాటుకోడి కూరున్నాది” అంది.

“వద్దండి,” అని చిన్నగా నవ్వాను.

“ఏటి, బస్సులో కడుపు తిప్పినాదా?”

మళ్లీ చిన్నగా నవ్వాను.

“పోనీ, మజ్జిగన్నమైనా కలిపీమంటారా?”

మూడోసారి కూడా నవ్వాను. ఆవిడ గౌరి వైపు చూసింది. గౌరి నా వైపు చూసింది. నేను, పుస్తకంలో చెప్పినట్టు, ఎదురుగా గోడ మీది బల్లి మీద చూపు నిలిపాను.

పొద్దున్న లేచేసరికి ఇల్లంతా గారెల వాసన. అత్తగారు పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. నెయ్యి గిన్నె వేరేగా పెట్టింది. రొట్టె విరిగి నేతిలో పడటం వినే ఉంటారు. ఇక్కడ నెయ్యీ ఉంది, గారెలూ ఉన్నాయి, విరిగి పడాల్సిన నోరే మూతబడి ఉంది.

“మంచినీళ్లు చాలండి,” అన్నాను.

వంటింట్లోంచి ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. “ఓలమ్మ, నీళ్లే తాగుతన్నాడే! మెతుకు ముట్టనని ఒట్టేసుకున్నోడిలాగున్నాడు. పైగా నాను ఏటడిగినా ఎటకారంగా నవ్వుతన్నాడే గౌరీ! నానేటి తక్కువ సేసినాను?”

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కొత్త అల్లుడు అత్తారింట్లో అన్నం మానేసి మూగనోము పట్టాడంటే మన ఊళ్లలో దానికి ఒకటే అర్థం, అలిగాడని. అల్లుడు నోరిప్పి అడగడు, అడిగితే పరువు తక్కువ. వాడికేం కావాలో కనిపెట్టి ఇవ్వడం అత్తారి పని. ఇచ్చేదాకా వాడు ముద్ద ముట్టడు. ఈ సంగతి నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా బాబాయి పెళ్లయిన కొత్తలో టేప్ రికార్డరు కోసం అలిగి మంచమెక్కితే, చాటుగా ఆయనకి జంతికలు అందించింది నేనే. కానీ పుస్తకాలతో బుర్ర నిండిపోయినవాడికి సొంత ఊరి జ్ఞానం పెట్టుకోవడానికి చోటెక్కడుంటుంది? నేను అలిగినట్టు ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది, నాకు తప్ప.

గౌరి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఏటండీ, ఏటి కావాలి మీకు?”

“ఏమీ వద్దు.”

“ఏమీ వద్దన్నోళ్లు తినాలి కదా?”

“సమయం వచ్చినప్పుడు తింటాను,” అన్నాను, గంభీరంగా.

“అంటే, ఇచ్చినప్పుడు తింటారనా?”

నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వుని ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

గౌరి కళ్లలో నీళ్లు తిరిగాయి. “పెళ్లిసూపుల్లో ఏటన్నారు మీరు? గుండుసూది కూడా అడగనన్నారు. అందరూ అలగే అంటారని మా పెద్దమ్మ అప్పుడే సెప్పినాది. ఈయన అలాటోడు కాదని నాను దెబ్బలాడినాను,” అని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను, నిజం. సరిగ్గా అప్పుడే నల్లటి గీతల మధ్య పెద్ద అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. ఎవరికీ చెప్పకండి! నా నిష్ఠ మొదట్లోనే ఆవిరైపోతుందే అని భయపడ్డాను. మధ్యాహ్నం పన్నెండయితే ఎలాగూ తింటాను కదా, అప్పుడు అన్నీ సర్దుకుంటాయిలే అనుకుని నోరు మూసేశాను. మూర్ఖుడికి ధైర్యమెక్కువ అని ఊరికే అనలేదు పెద్దలు.

వెళ్లి వీధి అరుగు మీద కుర్చీలో కూర్చున్నాను. చూపు ఒక్కచోట నిలపాలి కదా! ఎదురుగా వేపచెట్టు కింద మామగారి పాత లారీ ఉంది. ఆయన మొదట కొన్న బండి. కొత్తవి వేరే డ్రైవర్లు తోలుతుంటే దీన్ని మాత్రం ఆయనే తోలేవాడు, ఇంకెవరినీ స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. దాని ముందు దీపం పక్కన తుడవని మరక ఒకటి కనబడితే దాని మీదే చూపు నిలిపాను. రెప్ప కూడా వేయకుండా చూశాను. నా ఏకాగ్రతకి నేనే ముచ్చటపడ్డాను.

ఈలోపు గౌరి పెదనాన్న సూరినాయుడు గారు వచ్చాడు. అలకలు తీర్చడంలో ఆ వీధికంతటికీ ఆయనే వైద్యుడు. “నా పెళ్లికి నాను రేడియో కోసం మూడు పూట్లు అలిగినాను రా. అల్లుడి మొకం సూస్తే రోగం సెప్పేస్తాను,” అంటూ నా ఎదురుగా స్టూలు వేసుకు కూర్చున్నాడు. గుమ్మంలో అత్తగారు, ఆవిడ వెనక మామగారు నిలబడ్డారు.

“అల్లుడూ, వాచీయా?”

నేను కదల్లేదు.

“ఫోనా?”

కదల్లేదు.

“మోటార్ సైకిలా? పోనీ, ఎర్రదా?”

నేను లారీ మరక మీంచి చూపు తిప్పలేదు. సూరినాయుడు గారు మెల్లగా తల తిప్పి నా చూపు వెంటే వెళ్లాడు. లారీ దగ్గర ఆగాడు. మళ్లీ నా వైపు చూశాడు. గొంతు తగ్గించి, “లారీయా?” అన్నాడు.

అదే క్షణంలో పెరట్లోంచి పొట్టేలు మాంసం పొయ్యి మీద మసాలా పట్టిన వాసన వచ్చింది. నేను గుటక వేశాను. గుటకతో పాటు తల కాస్త కిందికి ఊగింది. కడుపులోంచి ఒక పెద్ద మూలుగు కూడా వచ్చింది.

“అయిపోనాది. లారీయే,” అని సూరినాయుడు గారు తీర్పు చెప్పి తుండుగుడ్డ దులుపుకున్నాడు. మౌనం అర్ధాంగీకారమని శాస్త్రం. సాలూరులో అది పూర్తి అంగీకారం, పైన రిజిస్ట్రేషన్ కూడా.

“ఓలమ్మ, బండి తోలడం వచ్చేటి ఆయనకి?” అని అత్తగారు గొణిగింది.

“అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే గదా. వచ్చినా రాకపోయినా కావాలంట,” అన్నాడు సూరినాయుడు గారు.

మామగారు వెళ్లి బకెట్టుతో నీళ్లు తెచ్చుకుని లారీ కడిగాడు. నేను అంతసేపూ చూస్తున్న మరకని వేలితో రుద్ది రుద్ది తుడిచాడు. అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. పండగ కదా, పూజ కాబోలు అనుకున్నాను. తర్వాత ఆయన లోపలికెళ్లి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, వాటి మీద తాళంచెవి పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. 

“బాబూ, ఈ బండి నాకు అన్నం పెట్టినాది. సుంకి ఘాటీ కొండ మలుపుల్లో ఎన్నిసార్లు సావు తప్పించినాదో నాకే తెలీదు. గౌరి పుట్టిన నాడు ఆసుపత్రికి దీంట్లోనే తీసుకెళ్లినాను. అది నీ సేతిలో పెడతన్నాను. పిల్లని మాత్రం బాగా సూసుకో,” అన్నాడు.

ఇదిగో, ఇక్కడ ఏ మనిషైనా నోరు విప్పుతాడు. కుక్కయినా మొరుగుతుంది. నేనేం చేశానో తెలుసా? గుమ్మంలోంచి కనబడే గోడ గడియారం వైపు చూశాను. పన్నెండుకి ఇంకా కొంచెం టైముంది. అది కాస్తా గడిచిపోతే హాయిగా అన్నం తింటూ అంతా విడమరచి చెప్పేయొచ్చనుకున్నాను.

“ఆగండి, ఆగండి. సదువుకున్నోడు గదా, ముహూర్తం సూస్తన్నాడు,” అన్నాడు సూరినాయుడు గారు.

ఇల్లంతా గడియారం వైపు చూడటం మొదలుపెట్టింది. మామగారు పళ్లెంతో అలాగే నిలబడ్డాడు. అత్తగారు చేతులు జోడించింది. అప్పుడు గౌరి బయటికొచ్చింది. తన బట్టల సంచీ చేతిలో ఉంది. అది తెచ్చి అరుగు మీద తలకిందులుగా కుమ్మరించింది. చీరలన్నీ కింద పడ్డాయి.

“నాన్నా, ఇచ్చీ. ఆయనకి ఆ లారీ ఇచ్చీ,” అంది.  “విజయనగరానికి లారీనే కాపురానికి తీసుకెళ్లమను. వంట అదే సేసి పెడతాది. నాను రాను.”

ఆ మాటతో నాకు ఆకలి చచ్చిపోయింది. నిజంగా భయమేసింది. అంతకు ముందు నేను ఎన్నో పుస్తకాలు చదివాను గానీ గౌరి లేకుండా ఇంటికి తిరిగి వెళ్లడం ఎలాగో ఎందులోనూ లేదు. కుర్చీలోంచి ఎగిరి లేచాను.

“నాకు లారీ వద్దు! నాకు సైకిలు తొక్కడం కూడా రాదు!” అని అరిచాను.

సూరినాయుడు గారు స్టూలు మీంచి పడబోయి తమాయించుకున్నాడు. “మరేటి కావాలి నీకు?”

“అన్నం!”

“ఏటి?”

“అన్నమండీ! అన్నం, మాంసం, గారెలు! పన్నెండయితే తినేవాణ్ణి! పుస్తకంలో అలా రాసుంది!”

 నేను పరుగున వెళ్లి పుస్తకాలు రెండూ తెచ్చి తాంబూలం పళ్లెం పక్కనే పెట్టి, ఊపిరి తీసుకోకుండా మొత్తం కథ చెప్పాను. సూరినాయుడు గారు ఉపవాసం పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి, వెనక అట్ట మీద రచయిత బొమ్మని చాలాసేపు చూశాడు.

“ఈ రాసినోడికి పెళ్లయినాదేటి?”

“తెలీదండీ.”

“అవ్వనేదు. అయితే ఇలగ రాయడు.”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “నా కూరలో ఉప్పు తక్కువైనాదేమో అనీసి రాత్రి నుంచి నాను కూడా తిన్లేదు బాబూ,” అంది. ఆ మాటకి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామగారు మాత్రం అప్పటికే తాళంచెవి తీసి జేబులో వేసేసుకున్నాడు. కొండచిలువ కూడా కోడిపిల్లని అంత వేగంగా మింగదు.

“తాంబూలంలో పెట్టింది ఎనక్కి తీసుకోకూడదు రా,” అన్నాడు సూరినాయుడు గారు.

“నువ్వూరుకో అన్నా,” అన్నాడు మామగారు.

గౌరి నవ్వలేదు. చీరలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది. “నాకు సెప్పొచ్చు కదా?”

“ఎవరికీ చెప్పొద్దని రాసుంది గౌరీ.”

“ఎవరికీ అంటే? అందులో నాను కూడా ఉన్నానేటి?”

 రెండు పుస్తకాలూ పక్కనే ఉన్నాయి, దీనికి జవాబు ఏ పేజీలోనూ లేదు. “తప్పయిపోయింది,” అన్నాను. ముందురోజు రాత్రి నుంచి నేను మాట్లాడిన మొదటి తెలివైన మాట అదే. తను కాసేపు నా మొహం చూసి, చీరలన్నీ మళ్లీ సంచీలో కుక్కి, “లెండి, సల్లారిపోతాది,” అని తనే కంచం పెట్టింది.

తిన్నానండి. పన్నెండయ్యేదాకా ఆగలేదు, రాత్రి ఎనిమిదైనా ఆపలేదు. ఉపవాసం పుస్తకం రాసినాయన చూసి ఉంటే వృత్తి మానుకునేవాడు.

కథ ఇంట్లో తేలిపోయింది గానీ వీధిలో తేలలేదు. నిజం అరుగు దిగేలోపు అబద్ధం అమ్మవారి గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి వచ్చింది. సాలూరు అంటేనే లారీల ఊరు. పండగ చూడటానికి మేము బయల్దేరితే టీ కొట్టు దగ్గర డ్రైవర్లందరూ లేచి నిలబడ్డారు. “లారీకి అలిగిన అల్లుడు ఈ బాబేనంట!” అని ఒకడు. “గట్టోడు రా, నాను ఉంగరంతో సరిపెట్టీసుకున్నాను!” అని ఇంకొకడు, బాధగా. ఒక పెద్దాయన నా భుజం తట్టి, పర్మిట్లు అవీ ఏమైనా కావాలంటే చెప్పమన్నాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో నాకు వేరే పేరు లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు రామభద్రపురం దాటాక గౌరి నా సంచీలోంచి ఉపవాసం పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. చింపి కిటికీలోంచి పారేస్తుందేమో అని నేను బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. చాలా పేజీలు చదివి, మూసి ఒళ్లో పెట్టుకుంది.

“ఇందులో తప్పేటీ నేదండీ. మంచిగానే రాసినాడు. కాకపోతే ఈయన ఒక్కడే కూకుని తింటాడు కాబోలు, పాపం,” అంది.

నేను ఇన్నేళ్లలో చదివిన పుస్తకాల మీద ఇంత మంచి సమీక్ష ఇంకెక్కడా చదవలేదు. నిజమే. ఆ పుస్తకాల్లో ‘మీరు’ ఉంటారు, మీ కడుపు ఉంటుంది, మీ సంకల్పం ఉంటుంది. మీరు తినకపోతే తను కూడా తినకుండా కూర్చునే అత్తగారు మాత్రం ఏ అధ్యాయంలోనూ ఉండదు. అలాగని నేను చదవడం మానలేదు. ఇప్పుడు ఇద్దరం చదువుతున్నాం. ఆ రోజు బస్సు దిగేముందు గౌరే అనుమతి ఇచ్చింది. “ఇంటికెళ్లినాక మీరు పన్నెండింటికే తినండి. పొద్దున్న తిండి మానేయండి, నాను కాదన్ను. నాకు సెప్పి మానేయండి.”

కావున పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, కడుపు మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఏ పుస్తకం ఎవరికీ చెప్పొద్దన్నా ముందుగా గౌరికి చెబుతాను. ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వి ఊరుకోను, జవాబు చెప్పాకే నవ్వుతాను. ఎదుటివాళ్ల వస్తువు దేని మీదా రెప్ప వేయకుండా చూపు నిలపను. ఆకలేస్తే ఆకలేస్తోందని నోరిప్పి చెబుతాను. అత్తారింట్లో మాత్రం, ఆకలి లేకపోయినా, వేస్తోందనే చెబుతాను.